కట్లపాము నుంచి కోర్టు బోను దాకా

లాల్జీ సింగ్ పేరు చెప్పగానే డీఎన్ఏ వేలిముద్రలు గుర్తొస్తాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ)లో ఆయన రూపొందించిన ఆ పరీక్షకు మూలం ఒక పాములో దొరికిందని మీకు తెలుసా? ఉత్తరప్రదేశ్ జౌన్‌పూర్ జిల్లాలోని కల్వారి అనే పల్లెలో 1947లో పుట్టిన ఆయన, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పాముల క్రోమోజోముల మీద పీహెచ్‌డీ చేశారు. ఎడిన్‌బరోలో శాస్త్రవేత్త కెన్ జోన్స్‌తో కలిసి పసుపు, నలుపు పట్టీల కట్లపాము డీఎన్ఏను పరిశీలించారు. ఆడపాముల్లో మాత్రమే ఉండే డబ్ల్యూ క్రోమోజోములో, ‘జి-ఏ-టి-ఏ’ అనే నాలుగక్షరాలు మళ్లీ మళ్లీ వచ్చే భాగం అక్కడ దండిగా కనిపించింది. 1980లో ప్రకటించిన ఆ భాగానికి ‘బీకేఎం’ అని పేరు పెట్టారు. అప్పటికి వాళ్లు వెతుకుతున్నది ఆడ, మగ తేడా ఎలా వస్తుందన్నదే. నేర పరిశోధన ఎవరి ఊహలోనూ లేదు.

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో శాస్త్రవేత్త అలెక్ జెఫ్రీస్ 1984లో డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని కనుగొన్నారు. 1987లో సీసీఎంబీలో చేరిన లాల్జీ సింగ్ జెఫ్రీస్ ప్రోబ్ (పోలిక వెతికే డీఎన్ఏ ముక్క) మీద ఆధారపడలేదు. పాము నుంచి వచ్చిన తన బీకేఎం ప్రోబ్‌తోనే మనిషికీ మనిషికీ తేడా చూపించారు. దేశంలోనే తయారైన పద్ధతి కావడం వల్ల మన కోర్టులకు అది త్వరగా అందింది.

కేరళలోని తలస్సేరిలో ఒక బిడ్డకు తండ్రి ఎవరన్న వివాదం వచ్చినప్పుడు ఆయనే వెళ్లి సాక్ష్యం చెప్పారు. రాజీవ్ గాంధీ హత్య కేసులోనూ, ఢిల్లీ తందూరు హత్య కేసులోనూ సీసీఎంబీ పరీక్షలే ఆధారమయ్యాయి.

1998 నుంచి 2009 దాకా సీసీఎంబీ డైరెక్టరుగా ఉన్న ఆయన, ఆ తర్వాత తాను చదివిన బనారస్ విశ్వవిద్యాలయానికే వైస్ చాన్సలర్‌గా వెళ్లి, నెలకు ఒక్క రూపాయి జీతం తీసుకున్నారు.

ఆయన ముఖ్యమైన పరిశోధనా పత్రాలన్నీ నలుగురితో కలిసి రాసినవే. సీసీఎంబీ సహచరుడు కుమారస్వామి తంగరాజ్‌తో పనిచేసి, అండమాన్‌లోని ఒంగేలు, గ్రేట్ అండమానీలు దాదాపు 50 వేల నుంచి 70 వేల ఏళ్లుగా విడిగా ఉన్నారని 2005లో ‘సైన్స్’ పత్రికలో చూపించారు. దక్షిణాసియావాసుల్లో దాదాపు 4 శాతం మందిలో ఉండే, గుండె కండరాన్ని బలహీనపరిచే 25 అక్షరాల లోపం గురించిన 2009 నాటి పత్రంలోనూ సీసీఎంబీదే పెద్ద పాత్ర.

అదే ఏడాది భారతీయుల పూర్వీకుల గురించి ‘నేచర్’లో వచ్చిన పత్రం కథ వేరు. 25 సమూహాలకు చెందిన 132 మంది డీఎన్ఏ హైదరాబాద్‌ది, గణాంకాల పనితనం హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్, ఆయన సహచరుడు నిక్ ప్యాటర్సన్‌లది. చెంచులు, మాలలు, మాదిగలు, వెలమలు, వైశ్యులు ఆ సమూహాల్లో ఉన్నారు. 2008 అక్టోబరులో అమెరికా శాస్త్రవేత్తలు హైదరాబాద్ వచ్చినప్పుడు ఫలితాలను ఏ మాటల్లో చెప్పాలన్న దానిపై గట్టి వాదన జరిగింది. బయటి నుంచి పెద్ద వలస వచ్చిందన్న అర్థం స్ఫురించే పేర్లకు లాల్జీ సింగ్, తంగరాజ్ ఒప్పుకోలేదు. చివరికి ‘ఉత్తర భారత పూర్వీకులు’, ‘దక్షిణ భారత పూర్వీకులు’ అన్న పేర్ల దగ్గర రాజీ కుదిరింది. తన వృత్తి జీవితంలో అంత ఉద్రిక్తమైన రోజు లేదని రైక్ తర్వాత తన పుస్తకంలో రాసుకున్నారు. వాదించుకుని కూడా కలిసి పనిచేయగలిగారు కాబట్టే ఆ జట్టు మరో ఎనిమిదేళ్లు నిలిచింది.

నా మటుకు నాకు ఆ జట్టు పనుల్లో అన్నిటికన్నా విలువైనది 2017లో ‘నేచర్ జెనెటిక్స్’లో వచ్చింది. కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి, తరతరాలుగా తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే సమూహాల్లో కొన్ని జబ్బులు ఎక్కువగా ఎందుకు కనిపిస్తాయో అందులో వివరించారు. తెలుగునాట వైశ్యులు దానికి ఉదాహరణ. వీరిలో కొందరికి బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము పనిచేయదు. అది లేకపోతే, ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలించడానికి ఇచ్చే సక్సినైల్ కోలిన్ మందు శరీరంలో త్వరగా విచ్ఛిన్నం కాదు. నిమిషాల్లో తిరిగి రావలసిన ఊపిరి గంటల తరబడి రాదు, అంతసేపూ వెంటిలేటర్ కావాలి.

ఆ పత్రం వచ్చిన ఏడాదే, డిసెంబరు 10న, లాల్జీ సింగ్ వారణాసిలో కన్నుమూశారు. మీ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇచ్చాక ఊపిరి ఆలస్యంగా వచ్చిన సంగతి ఉంటే, ఆపరేషన్‌కు ముందే మత్తు డాక్టరుకు తప్పక చెప్పండి.