టీవీని రికార్డు చేసే పని ఎడిటర్‌దేనా?

భిలాయి స్మృతి నగర్‌లోని తెలుగు ఇళ్లలో డిష్ పుణ్యమా అని టీవీ తెలుగులోనే మోగుతుంది. చుట్టూ హిందీ వాతావరణం. ఎప్పుడో వచ్చిన హరికథనో, పాత సినిమానో దాచి, ప్రకటనలు తీసేసి మనవలకు చూపించాలని ఇంటి పెద్దలకు అనిపించడం సహజం. అక్కడే ఒక ప్రశ్న వస్తుంది: వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే టీవీ రికార్డింగ్ కూడా ఎందుకు పెట్టరు?

ఒకప్పుడు పెట్టారు. ఏవరీ లీ రాసిన వర్చువల్‌డబ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రాము కంప్యూటర్‌లోని టీవీ కార్డు నుంచి బొమ్మను తీసుకునేది, అదే కిటికీలో కత్తిరించనిచ్చేది కూడా. సౌకర్యమే. కానీ ఈ రెండు పనుల స్వభావం వేరు.

ఎడిటింగ్ ఆగుతుంది. కంప్యూటర్ నెమ్మదిస్తే మనం టీ తాగి వస్తాం. ప్రసారం మాత్రం ఎవరికోసమూ ఆగదు. మన పాత పాల్ (PAL) ప్రసార పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేముకు 40 మిల్లీసెకన్లు. ఒక్కోటి 720 × 576 చుక్కలు, చుక్కకు రెండు బైట్ల చొప్పున లెక్కవేస్తే సెకనుకు రెండు కోట్ల బైట్లకు పైమాటే, గంటకు దాదాపు 75 గిగాబైట్లు. మధ్యలో డిస్కు కాస్త తడబడితే ఫ్రేములు ఎగిరిపోతాయి, మళ్లీ రావు.

ఇంకో తిరకాసు ఉంది, ఇదే నాకు ఆసక్తికరం. బొమ్మకో గడియారం, ధ్వనికో గడియారం. సెకనుకు 48,000 శాంపిళ్లు తీయాల్సిన సౌండ్ కార్డు నిజానికి 48,005 తీస్తోందనుకుందాం. గంట తిరిగేసరికి మాటకూ పెదవికీ మధ్య సెకనులో మూడో వంతుకు మించిన తేడా వచ్చేస్తుంది. రికార్డు చేసేటప్పుడే దీన్ని కనిపెట్టి సరిచేస్తూ పోవాలి. అప్పుడు ఆ ప్రోగ్రాముకు వేరే ధ్యాస ఉండకూడదు.

డిజిటల్ ప్రసారంతో లెక్క మారింది. ఉపగ్రహం నుంచి దిగేది అప్పటికే కుదించిన ఎంపెగ్ ధార, 188 బైట్ల పొట్లాలుగా. తాళం లేని ఛానల్ అయితే దాన్ని ఫైలుగా రాసేస్తే చాలు. డబ్బు కట్టే ఛానళ్లకు గూఢలిపి ఉంటుంది, దాని తాళంచెవి సెట్‌టాప్ బాక్సు దగ్గర. బయటికొచ్చే హెచ్‌డీఎంఐ తీగకు సైతం హెచ్‌డీసీపీ అనే కాపీ నిరోధక తాళం కాపలా. ఎడిటర్‌లో ఎర్ర బటన్ ఎన్ని పెట్టినా ఇక్కడ పనికిరాదు. మన కాపీరైట్ చట్టం 39వ సెక్షన్ సొంత వాడకానికి చేసుకున్న రికార్డింగును ప్రసార హక్కుల ఉల్లంఘనగా చూడదు. అయితే ఉల్లంఘన ఉద్దేశంతో రక్షణ తాళాన్ని బద్దలుకొట్టడం 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్ ప్రకారం నేరం.

కాబట్టి నా తీర్పు: ఎడిటర్‌లో టీవీ రికార్డింగ్ అక్కర్లేదు. బదులుగా, రికార్డయిన ఫైలును అది మర్యాదగా తెరవాలి. పొట్లాలు కొన్ని పోయినా ధ్వని జారకూడదు, సరి-బేసి గీతలుగా వచ్చే పాత వీడియోను గుర్తుపట్టాలి. రికార్డింగుకు ఓబీఎస్ స్టూడియో, కత్తిరింపుకు కెడెన్‌లైవ్ ఉన్నాయి. రెండూ ఉచితం.

నిజంగా తొందరున్నది టీవీకి కాదు, బీరువాలోని కేసెట్లకు. పెళ్లిళ్లు, సంఘం నాటకాలు, అప్పట్లో వీసీఆర్‌తో తీసిన టీవీ కార్యక్రమాలు అన్నీ వీహెచ్‌ఎస్ టేపు మీదే ఉన్నాయి. టేపు ఏటేటా పాడవుతుంది. వీసీఆర్‌లు తయారుచేస్తున్న జపాన్ కంపెనీ ఫునాయ్ సైతం 2016 జూలైలో ఆ పని మానేసింది. నడిచే వీసీఆర్ దొరికితే ఈ ఏడే వాటిని కంప్యూటర్‌కు ఎక్కించండి. సరి-బేసి గీతలను కలిపే ప్రక్రియ రికార్డింగులోనే చేయకండి, అది సెకనుకు 50 సగం ఫ్రేములుగా ఉన్న కదలికను 25కు తగ్గించవచ్చు. మూలం ఫైలును అలాగే ఉంచి, కత్తెర దాని నకలు మీదే వేయండి.