కర్ర పొరలతో చిత్రరచన

పొదుగుపని అనగానే మన విద్యార్థులకు మొదట గుర్తుకు వచ్చేది బిద్రీ పాత్ర: నల్లని లోహం మీద మెరిసే వెండి తీగ, వెండి రేకు. ఉర్దూ చదివినవారు తాజ్‌మహల్ పాలరాతిలోని పచ్చీకారీని గూర్చి కూడ వినే ఉంటారు. ఉత్తర ప్రదేశ్‌లోని మైన్‌పురిలో శీషం కర్రలోనికి ఇత్తడి తీగను కొట్టి దించే తార్‌కషీ అనే పని మరొకటి కలదు. వీటన్నిటిలో ఒక పదార్థం నేలగా, మరొక పదార్థం దానిపై ముగ్గుగా నిలుస్తుంది. కర్రకు కర్రనే జతచేసి, రంగు బొట్టయినా వాడకుండ, ఒక ఛాయాచిత్రాన్ని చూచి మనిషి ముఖాన్నో కట్టడాన్నో నిలిపే విద్య వీటికి దగ్గరి చుట్టమే. దానిని ఐరోపాలో మార్క్వెట్రీ అంటారు. దక్షిణ భారతంలో దీనికి సోదర కళ వర్ధిల్లిన నగరం మైసూరు.

శ్రీరంగపట్నం చూచినవారికి టిప్పు సుల్తాన్ తన తండ్రి హైదర్ అలీ సమాధిపై నిర్మించిన గుంబజ్ తెలియును. దాని ద్వారాలు దంతం పొదిగినవి. అవి లార్డ్ డల్హౌసీ కానుకగా ఇచ్చినవి. 1912లో పూర్తయిన మైసూరు రాజప్రాసాదంలోను రోజ్‌వుడ్ కర్రలో దంతం పొదిగిన ద్వారాలు ఉన్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లోను, 1991లోను జరిగిన సవరణల పిమ్మట దంతపు వ్యాపారం ఆగిపోయింది. పని మాత్రం ఆగలేదు. తెల్లదనం కావలసిన చోట కారీగర్లు తెల్లని కర్రను, ప్లాస్టిక్‌ను వాడసాగిరి. రంగురంగుల కర్ర ముక్కలతో పల్లె దృశ్యాలను, ఏనుగులను, దేవతామూర్తులను కూర్చుచున్నారు. ఈ పనిలో తరతరాలుగా ఉన్నవారిలో ముస్లిం కుటుంబాలు చాలా ఉన్నవి. ఆ మాట మన సంచికలో చెప్పుకొనుటకు తగినదే.

మైసూరు పద్ధతికి, మార్క్వెట్రీకి ఒక భేదం ఉన్నది. మైసూరులో రోజ్‌వుడ్ పలకయే నేల. సన్నరంపంతో కోసిన ముక్కను పలకపై ఉంచి, దాని అంచు వెంట గీచి, గీతలోపలి కర్రను ఉలితో తొలిచి, ముక్కను అందులో కూర్చి అంటిస్తారు. మార్క్వెట్రీలో నేల అనేది కనిపించదు. ఆకాశం, గోడ, నీడ, మనిషి చొక్కా అన్నీ పల్చని కర్ర పొరలే. ఒకదాని అంచుకు మరొక అంచు ఆనించి, మొత్తాన్ని ఒకే తెరగా చేసి ప్లైవుడ్ పలకకు అంటిస్తారు. వెనీరు అని వడ్రంగులు పిలిచే ఈ పొర మందం సాధారణంగా అర మిల్లీమీటరుకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. 0.6 మిల్లీమీటర్ల పొరలుగా కోస్తే అంగుళం మందమైన పలక నుండి సుమారు 40 పొరలు వచ్చును. విలువైన కర్ర అరుదవుతున్న ఈ కాలంలో ఈ లెక్కను తేలికగా తీసివేయరాదు.

ఛాయాచిత్రం చేతిలో ఉన్నది గదా, దానిని కర్రపైకి దించితే చాలునని తోచవచ్చును. చిక్కంతా అక్కడే ఉన్నది. ఛాయాచిత్రంలో తెలుపు నుండి నలుపు వరకు లెక్కకు అందనన్ని ఛాయలు ఒకదానిలో ఒకటి కరిగి ఉంటాయి. మన వద్ద ఉన్నవి ఏడెనిమిది కర్రలు. కెమెరా దేనినీ వదలదు. కర్రపని చేసేవాడు చాలావాటిని వదలవలెను. కనుక మొదటి పని కత్తితో కాదు, కంటితో. రంగుల చిత్రమైతే దానిని నలుపు-తెలుపులోనికి మార్చుకోవలెను. ఎందుకంటే కర్రలలో నీలం లేదు, గడ్డి ఆకుపచ్చ లేదు. ఉన్నది వెలుగు నీడల తారతమ్యమే. రంగు వేసిన వెనీరు దొరుకుతుంది గాని, అది వెలుగుకు వెలిసిపోతుంది. చిత్రాన్ని అర్ధనిమీలిత నేత్రాలతో చూస్తే చిన్న వివరాలు మాసిపోయి పెద్ద పెద్ద మచ్చలు మిగులుతాయి. వాటిని అయిదారు ఛాయలకు కుదించి, ఒక్కొక్క మచ్చ చుట్టూ ట్రేసింగ్ కాగితంపై గీత గీయవలెను. ఈ కుదింపును నేడు కంప్యూటరు క్షణంలో చేయును. అయితే అది చొక్కా మడతకు, ముక్కు నీడకు ఒకే గౌరవం ఇచ్చును. అర్థం లేని చిన్న చిన్న దీవులతో కాగితం నింపును. ఏ దీవిని ఉంచవలెనో, దేనిని పక్క ఛాయలో కలిపివేయవలెనో నిర్ణయించుట ఇప్పటికీ మనిషి పనియే.

ఉదాహరణకు చార్మినార్‌ను తీసుకొందము. 1591 నాటి ఈ కట్టడపు నాలుగు కమానులు నాలుగు దిక్కులకు తెరచి ఉంటాయి. చలికాలపు ఉదయాన ఈశాన్య మూల నుండి తీసిన ఛాయాచిత్రంలో తూర్పు ముఖం ఎండలోను, ఉత్తర ముఖం నీడలోను ఉంటుంది. అంటే రెండు గోడలకు రెండు కర్రలు. ఎండ గోడకు పాలమీగడ వంటి రబ్బరు కర్ర, నీడ గోడకు టేకు, కమాను లోపలి చీకటికి జిట్రేగి. మనం జిట్రేగి అనీ ఇరుగుడు అనీ పిలిచేదే ఈ రోజ్‌వుడ్. దానికంటె నల్లనిది కావలసివస్తే ముదిరిన తునికి చెట్టు చేవ ఉన్నది. బీడీలకు ఆకునిచ్చే ఆ తునికికే పాశ్చాత్యులు కోరమాండల్ ఎబొనీ అని పేరు పెట్టినారు. మన తీరం పేరు అట్లు ప్రపంచపు కర్ర అంగళ్లలో నిలిచింది. పసుపు ఛాయకు పనస, ఎరుపునకు అండమాన్ పడౌక్. ఎర్రచందనం జోలికి పోకుండుటే మేలు. దాని చట్టపు చిక్కులు అందరికీ తెలిసినవే.

ఛాయ ఎంత ముఖ్యమో నార అంత ముఖ్యం. నార అంటే కర్ర పెరిగిన దిశలో సాగే చారలు. ఆకాశానికి ఎంచిన పొరలో చారలు అడ్డంగా పరచుకొంటే అవే మేఘాలు. మీనారులలో నిలువు చారలు వాటి ఎత్తును పెంచి చూపుతాయి. అదే కర్రను అడ్డం తిప్పితే మీనారు గడ్డివామి వలె కూలబడుతుంది. జిట్రేగి పొర అంచున చేవ కాని భాగం లేత పసుపుగా ఉంటుంది. దానిని పారవేయరాదు. చేవ, లేత కర్ర కలిసే ఆ గీత వద్ద కొండ శిఖరమూ సంధ్యాకాశమూ ఒకే ముక్కలో దొరకవచ్చును. ఈ పనిలోని అసలు ఆనందం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం. వడ్రంగి అంగడి మూలలో పడిన చెత్త పొరలను తిరగవేస్తూ గంటలు గడిపేవారిని ఎవరూ మందలించకూడదు.

కోత విషయం. ట్రేసింగ్‌ను కార్బన్ కాగితంతో ఒక మామూలు పొరపైకి దించి, ఒక ఆకారాన్ని పదునైన సన్నకత్తితో కోసి తీసివేస్తే అక్కడ కిటికీ ఏర్పడుతుంది. ఎంచుకొన్న కర్రను ఆ కిటికీ క్రింద జరుపుతూ చూచుటయే ఈ పద్ధతిలోని సౌకర్యం. చారలు ఎక్కడ కుదిరినవో కోయకముందే కంటికి తెలియును. కుదిరిన చోట కిటికీ అంచు వెంట కత్తిమొనతో గుర్తు పెట్టి, కోసి, ముక్కను కిటికీలో కూర్చి కాగితపు టేపుతో నిలుపుతారు. ముందు ఆకాశం, తరువాత గోడలు, చివరకు మనుషులు, పావురాలు. ఒకే దెబ్బకు కోయరాదు. మూడు నాలుగు తేలిక గీతలలో తెగవలెను. వెనుక వైపు నుండి కూర్చేవారికి ఒక హెచ్చరిక: చిత్రం కుడి ఎడమలు తారుమారు అగును. కట్టడమైతే ఎవరూ కనిపెట్టకపోవచ్చును గాని, వీధిలోని అంగడి బోర్డుపై ఉర్దూ ఎడమ నుండి కుడికి, తెలుగు కుడి నుండి ఎడమకు నడిస్తే మన కళాశాలలో ఇరుపక్షాలవారూ నవ్వుతారు.

మీనారు గుండ్రనిది. ఒకే ఛాయ గల ముక్కలో ఆ గుండ్రనితనం ఎట్లు వచ్చును? దీనికి పాతకాలపు ఉపాయం వేడి ఇసుక. బొరుగులు వేయించేవారి మూకుడులో ఉండునట్టి సన్నని ఇసుకను బాగుగా కాచి, కర్ర ముక్క అంచును కొద్ది క్షణాలు అందులో గుచ్చి తీస్తే అంచున ముదురు గోధుమ రంగు పట్టి, లోపలికి పోను పోను పల్చబడుతుంది. ఇసుక అడుగున వేడి ఎక్కువ, పైన తక్కువ; ఆ తేడాయే నీడను దిద్దుతుంది. పనికిరాని ముక్కతో ముందు పరీక్షించుకోవలెను. అంచు బొగ్గయితే రాలిపోవును. కాగిన ముక్క తేమ పోయి కొంచెం ముడుచుకొనును గనుక కాస్త పెద్దదిగా కోసి, కాచిన తరువాత కొలతకు తీర్చుట మంచిది.

కట్టడం కంటె ముఖం కష్టం. గతించిన తాతగారి ఛాయాచిత్రం ఇంట ఒక్కటే మిగిలి ఉంటుంది. దానిని చూచి చేసిన చిత్రంలో గోడలు వంకరపోతే ఎవరూ పట్టించుకోరు, తాతగారు తాతగారిలా లేకపోతే ఇల్లంతా బాధపడుతుంది. పోలిక గీతలలో లేదు. కనుబొమ క్రింది నీడ, ముక్కు పక్క నీడ, క్రింది పెదవి అడుగున చిన్న నీడ, ఈ మూడూ ఉన్న చోట ఉంటే మనిషి వచ్చును. ముక్కు చుట్టూ గీత గీసినవాడు బొమ్మనే చేస్తాడు. ముఖానికి చారలు ప్రస్ఫుటంగా లేని కర్ర కావలెను. చెంపపై కణుపు పడితే అది గాయపు మచ్చయై కూర్చుంటుంది. కంటిలోని తెలుపు నిజానికి తెలుపు కాదు, ముఖం కంటె ఒక మెట్టు ముదురు. అసలు తెల్లని కర్రను కనుపాపపై ఆవగింజంత మెరుపు కొరకు దాచుకోవలెను. గడ్డం మాత్రం కర్రకు సహజంగా అమరును: క్రిందికి జారే చారలున్న లేత పొర ఒక్కటి, రెండు చోట్ల ఇసుక నీడ. అక్కడ కుంచె కూడ ఇంత బాగుగా పని చేయజాలదు.

అంటించునప్పుడు బంకను పొరపై కాక పలకపై పూయవలెను. నీరు తగిలిన పొర ఉబ్బి అంచులు పైకి లేచును. పలక వెనుక వైపున కూడ ఒక మామూలు పొర అంటించనిదే పలక వంగక మానదు. పైన కాగితం, పలక, బరువు పెట్టి ఒక దినం కదల్చరాదు. ఉప్పుకాగితం పట్టునప్పుడు పొర మందం అర మిల్లీమీటరేనని మరువరాదు. జిట్రేగి నల్లని ధూళి పక్కనున్న తెల్లని కర్ర రంధ్రాలలోనికి చేరి ఆవగింజంత మెరుపును కూడ మురికి చేయును. అందుచేత ముందుగా పల్చని లక్క పాలిష్ ఒక పూత వేసి, ఆ తరువాతనే రుద్దుట అనుభవజ్ఞుల పద్ధతి.

ఇంత చేసిన తరువాత కర్ర తన పని తాను చేయును. జిట్రేగి వెలుగుకు కొంత వెలిసి గోధుమ వన్నెకు దిగును. పనస, తెల్లని కర్రలు కాలం గడచినకొద్దీ ముదురును. పడౌక్ ఎరుపు మట్టి రంగగును. అంటే చీకటి, వెలుగు ఒకదానివైపు ఒకటి నడిచివచ్చును. అందుకని ఛాయాచిత్రంలో ఉన్నదానికంటె కొంచెం ఎక్కువ తారతమ్యంతోనే మొదలు పెట్టవలెను. పూర్తయిన చిత్రాన్ని ఎండ పడే గోడకు వేలాడదీయరాదు.

జిట్రేగి నేడు అంతర్జాతీయంగా రక్షణ పొందిన వృక్షం. 2017 నుండి డాల్బెర్జియా జాతి వృక్షాలు దాదాపు అన్నీ సైటీస్ ఒప్పందపు రెండవ జాబితాలో చేరినవి. ఎగుమతికి పత్రాలు తప్పనిసరి. మైసూరు కారీగర్లకు ఇది చిన్న భారం కాదు. విద్యార్థులకైతే అంగడిలో మిగిలిన ముక్కలే చాలును. కళాశాల కమిటీవారు ఒక బల్ల, అరడజను సన్నకత్తులు, ఒక మూకుడు, ఒక ప్లైవుడ్ పలక సమకూర్చగలిగితే వారానికి ఒక సాయంత్రం ఈ పని నేర్పవచ్చును. మన విద్యార్థులలో వడ్రంగి ఇండ్ల నుండి వచ్చినవారు ఉన్నారు. కర్ర పేర్లు, చేవ గుర్తులు వారు ఉపాధ్యాయులకే చెప్పగలరు. మొదటి పాఠానికి ముఖం వద్దు, చార్మినార్ కూడ వద్దు. తెరచి ఉన్న ఒక కిటికీ ఛాయాచిత్రం తీసుకొనవలెను: చట్రానికి టేకు, లోపలి చీకటికి జిట్రేగి, గడపపై పడిన ఎండకు ఒక రబ్బరు కర్ర ముక్క.