పాత బట్టలు, సేవ చేయు చేతులు

ప్రతి ఇంటను పెట్టె అడుగున కొన్ని బట్టలు వాడకయే పడియుండును. ఎదిగిన పిల్లల చొక్కాలు, బిగుతైన రవికలు, కట్టుట మానిన చీరలు ఏండ్ల తరబడి పురుగులకు మేతయగుచున్నవి.

అట్లని మూటగట్టి పంపినంత మాత్రమున దానము కాదు. 2004 డిసెంబరు 26న సునామీ తమిళనాడు తీరమును ముంచినపుడు, దూరప్రాంతములవారు పంపిన పాతబట్టలు పలుచోట్ల రోడ్ల ప్రక్కన గుట్టలుగా మిగిలిపోయినవి. ఇచ్చినవారి మనస్సు మంచిదే. అవసరమెరిగి, ఏరి పంపుట కొరవడినది.

అంశు గుప్త 1999లో స్థాపించిన ‘గూంజ్’ సంస్థ వేరొక మార్గమును చూపినది. గ్రామస్థులు కలసి బావి త్రవ్వినను, బాట బాగుచేసికొన్నను, ఆ శ్రమకు ప్రతిఫలముగా బట్టలనిచ్చును. పుచ్చుకొనువారు తల వంచుకొన పనిలేదు. కట్టుటకు పనికిరాని నూలుగుడ్డను శుభ్రపరచి, స్త్రీలకు ఋతుకాలమున వలయు మెత్తలుగా కుట్టించును.

మన గ్రామములలోను పొదుపు సంఘముల స్త్రీలు, యువకులు సహాయమునకు ముందుకు వత్తురు. వారిని పిలిచి ఊరక నిలుపరాదు. ఎవరి పని వారికి ముందే అప్పగింపవలెను. కొందరు ఇంటింట సేకరింపవలెను. కొందరు వెలుతురులో విప్పి చూచి, కట్టదగినవి, కుట్టి బాగుచేయదగినవి, పేలికలు అని మూడు కుప్పలు చేయవలెను. కుట్టుపని తెలిసినవారు గుండీలు కుట్టవలెను. పేలికలను బొంతలుగా చేయవలెను. ఒకరు లెక్క వ్రాయవలెను.

ఏరునపుడు ఒక్క మాట గుర్తుంచుకొనుడు: మన బిడ్డకు తొడుగుటకు సిగ్గుపడు చొక్కాను పరుల బిడ్డకు పంపరాదు.