ఒక్కటే గిన్నె – కాల్చిన వంకాయ బజ్జి

మామగారు గుండెనొప్పితో ఆసుపత్రిలో ఉండి, దేవుని కృప వలన క్షేమంగా ఇంటికి వచ్చారు. కూరల్లో నూనె బాగా తగ్గించాలని డాక్టరుగారు ఖండితంగా చెప్పి పంపారు. ఆయనకు వేరుగా ఉడకబెట్టిన కూర వడ్డించి, మేమేమో గుత్తి వంకాయ తిన్నాము. మూడవ రోజున ఆయన పళ్లెం పక్కకు జరిపి, "నాకొక్కనికేనా ఈ సప్పిడి కూడు?" అన్నారు. భోజనానికి ముందు అందరమూ ఒకే ప్రార్థన చేశాము, పళ్లాలు మాత్రం రెండు రకాలు. ఆ మాట మాకు గుచ్చుకుంది.

ఇల్లంతా కలిసి తినగలిగిన కూర ఏదని ఆలోచిస్తే, అది మన కడప, కర్నూలు పల్లెల్లోనే ఉంది. సంకటిలోకి, జొన్నరొట్టెలోకి అవ్వలు పొయ్యి నిప్పుల్లో వంకాయ కాల్చి నూరేవారు. వంకాయ గుజ్జు స్పాంజి వంటిది, బాణలిలో ఎంత నూనె పోస్తే అంతా పీల్చుకుంటుంది. ఒక పెద్ద చెంచా నూనెలోనే సుమారు 120 కేలరీలున్నాయి. నిప్పు మీదనైతే కాయ తనలోని నీటితోనే మగ్గుతుంది. మాడిన తొక్క ఇచ్చే కమ్మని పొగవాసన ముందు నూనె లేని లోటు తెలియదు.

నలుగురికి పెద్ద వంకాయలు రెండు, టమోటాలు మూడు, ఉల్లిగడ్డ ఒకటి, పచ్చిమిరపకాయలు నాలుగు చాలు. నిగనిగలాడుతూ, చేతిలో తేలికగా ఉన్న వంకాయలు ఏరుకోండి. బరువైన వాటిలో గింజలెక్కువ. తొడిమ తీయకుండా నాలుగు గాట్లు పెట్టి, పురుగు లేదని చూసుకోవాలి. మిరపకాయలకూ గాటు పెట్టకపోతే టపీమని పేలతాయి. గ్యాసు పొయ్యి అయితే జాలీ పెట్టి, సన్నని మంటపై తొడిమ పట్టుకుని తిప్పుతూ ఉండండి. పావుగంటకు కాయ మెత్తబడుతుంది. టమోటా, తొక్కతోనే ఉల్లిగడ్డ, మిరపకాయలు కూడా అలాగే కాల్చాలి.

అన్నీ గిన్నెలో వేసి, ఐదు నిమిషాలు మూత పెట్టండి. తొక్క తేలికగా ఊడివస్తుంది. కుళాయి కింద కడిగితే ఆ వాసనంతా నీళ్లపాలే. తడిచేతితో తుడిస్తే సరిపోతుంది. రోట్లో ముందు మిరపకాయలు, జీలకర్ర, నాలుగు తెల్లగడ్డ రెబ్బలు, ఉప్పు నూరి, తరువాత టమోటా, నానబెట్టిన కాస్త చింతపండు, చివర వంకాయ వేసి పైపైన మెదపండి. మిక్సీలో వేస్తే జిగురవుతుంది. ఉల్లిగడ్డ తరిగి, కొత్తిమీరతో కలపాలి. తిరగమాత లేనిదే మనసొప్పకపోతే, అందరికీ కలిపి ఒక్క చిన్న చెంచా నూనె చాలు.

ఇక్కడ సీమవారమంతా చేసే పొరపాటొకటుంది. నూనె మానేశామని సంతోషించి, గుప్పెడు వేయించిన సెనక్కాయల పొడి కలుపుతాము. ఆ గింజలో దాదాపు సగం నూనే! నలుగురి కూరకు ఒక చెంచా మించకూడదు. ఉప్పు కూడా అంతే. పెద్దవారికి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలి. అంటే ఒక చిన్న చెంచా. ఊరగాయ అందులోనే లెక్క. ఈ కూర పథ్యమే గాని మందు కాదు, డాక్టరు ఇచ్చిన మాత్రలు మానరాదు.

దానియేలు, అతని స్నేహితులు పది దినములు శాకధాన్యాలు తిన్న సంగతి గుర్తు చేస్తే, "వారికి కారమైనా పెట్టారో లేదో వ్రాయబడలేదు గదమ్మా" అని మామగారు నవ్వారు. ఇప్పుడు మా యింట ఒక్కటే గిన్నె. జొన్నరొట్టె తుంచి బజ్జిలో అద్దుకుంటూ, ఇంకొక్క మిరపకాయ వేసి ఉంటే బాగుండేదని ఆయన ప్రతిసారీ అంటారు.