తాత ‘టాటా’ ఎలా అయ్యాడు?

డల్లాస్ నుంచి సెలవులకొచ్చిన మా పక్కింటాయన మనవడు ఆయన్ని ‘టాటా’ అని పిలుస్తాడు. ‘వాడు నన్ను పిలవడం లేదండీ, సాగనంపుతున్నాడు’ అని ఆయన నవ్వుతుంటారు. పిల్లాడిది ఎగతాళి కాదు. ఇంగ్లిషులో పెరిగిన వాడి చెవిలో మన త, ట రెండూ ఒకే అరలో పడతాయి. ఆ భాషలో ఉన్న శబ్దం ఈ రెంటికీ మధ్యలో, పైపళ్ల వెనక చిగురు దగ్గర పుడుతుంది. నాలుక కొన పళ్లనీ తాకదు, వెనక్కీ మడత పడదు.

జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు కెనడాలో చేసి 1984లో ప్రచురించిన ప్రయోగానికి ఎంచుకున్న శబ్దాల్లో ఈ త, ట జంట ఒకటి. వాళ్లు తీసుకున్నది హిందీ నుంచి. అమ్మ ఒడిలో కూర్చున్న పసిబిడ్డకు ఒకే శబ్దాన్ని పదేపదే వినిపిస్తారు. అది మారిన క్షణాన బిడ్డ తల తిప్పితే, పక్కనున్న పెట్టెలో దీపం వెలిగి బొమ్మ ఆడుతుంది. ఇంగ్లిషు ఇళ్లలోని ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు చాలామంది ఆ తేడా పట్టేశారు. పది, పన్నెండు నెలలకొచ్చేసరికి పట్టగలిగినవాళ్లు బాగా తగ్గిపోయారు. హిందీ ఇళ్లలో పుట్టిన పిల్లలకు ఆ తరుగుదల లేదు.

ఇది చెవుడు కాదు, ఏరివేత. చుట్టూ వినబడే మాటల్లో అర్థాన్ని మార్చని తేడాలను పట్టించుకోవడం మెదడు మానేస్తుంది. మనమూ ఇందుకు మినహాయింపు కాదు. ఇంగ్లిషువాళ్లకు ద్రాక్షతీగ వేరు, ద్రాక్షసారా వేరు. మన వకారంలో రెండూ ‘వైన్’ అయి కూర్చుంటాయి.

ఏరేసింది తిరిగి రాదా అంటే, కొంతవరకు వస్తుంది. సియాటిల్‌లో పట్రీషియా కూల్ బృందం అమెరికన్ పసిపిల్లలకు తొమ్మిదో నెలలో పన్నెండు విడతలు చైనీస్ మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ భాష శబ్దాల తేడాలు పట్టుకున్నారు. అదే మనిషిని వీడియోలో చూపిస్తే ఏమీ నేర్చుకోలేదు. 2003లో వచ్చిన ఈ ఫలితాన్ని, బిడ్డ చేతికి టాబ్లెట్ ఇచ్చి భాష వచ్చేస్తుందనుకునే తల్లిదండ్రులకు ఒకసారి చదివి వినిపించాలనిపిస్తుంది.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న నమ్మకంతోనే పరాయి భాషను ప్రాథమిక పాఠశాలలోకి దించాలన్న ఉత్సాహం చాలా దేశాల్లో పుట్టింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1964లో ఒక పెద్ద ప్రయత్నం మొదలైంది. అప్పటిదాకా పదకొండో ఏట మొదలుపెట్టే ఫ్రెంచిని ఎనిమిదో ఏటే చెప్పి చూశారు. ఆ పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన క్లేర్ బర్‌స్టాల్ బృందం 1974లో నివేదిక ఇచ్చింది. పదహారేళ్లు వచ్చేసరికి, ముందు మొదలుపెట్టినవాళ్లు నికరంగా పైచేయి చూపింది విని అర్థం చేసుకోవడంలో ఒక్కటే. చదవడంలో, రాయడంలో, మాట్లాడడంలో ఆలస్యంగా చేరినవాళ్లు వాళ్లను అందుకున్నారు. అయితే ఆ పరీక్షలో న్యాయం కొంత తక్కువే. పెద్దబడికి వెళ్లాక చాలాచోట్ల ఇద్దర్నీ ఒకే తరగతిలో కూర్చోబెట్టి పాఠం మొదటినుంచి చెప్పారు. మూడేళ్లు చదివినవాడికి మళ్లీ అ, ఆలు దిద్దబెడితే ఆధిక్యం ఎక్కడ నిలుస్తుంది?

బార్సిలోనా అనుభవం ఇంకా సూటిగా ఉంటుంది. స్పెయిన్‌లో ఇంగ్లిషు మొదలయ్యే వయసును పదకొండు నుంచి ఎనిమిదికి తగ్గించినప్పుడు, కార్మెన్ మున్యోస్ బృందం ఆ రెండు రకాల పిల్లల్నీ సమానమైన పాఠాల గంటలు పూర్తయ్యాక పోల్చింది: 200, 416, 726 గంటల దగ్గర. చాలా పరీక్షల్లో పెద్దవాళ్లే ముందున్నారు. పదకొండేళ్ల పిల్లాడు సూత్రం చెబితే పట్టుకుంటాడు, తన భాషతో పోల్చుకుంటాడు. చిన్నపిల్లలు నేర్చుకునేది సూత్రంతో కాదు, తడిసి ముద్దవడంతో. వాళ్లకు వాన కావాలి, బడి చిలకరింపు ఇస్తుంది. రోజుకు పది గంటలు భాష మధ్య మెలకువగా తిరిగే పసివాడికి ఏడాదికి 3,600 గంటలకు పైనే దక్కుతాయి. వారానికొక పీరియడ్ చొప్పున బడిలో దొరికేది 40 గంటలు. ఆ లెక్కన పసివాడి ఒక్క ఏడాది వానకు బడిపిల్లాడు 90 ఏళ్లు కూర్చోవాలి.

ఇంత జరిగినా ఇంగ్లండ్‌లో 2014 నుంచి ఏడేళ్లు దాటిన పిల్లలకు ప్రాథమిక స్థాయిలోనే మరో భాష తప్పనిసరి చేశారు. నాకు అది తెలివితక్కువ పనిగా తోచదు. ఆ గంటల్ని ఎన్ని మాటలొచ్చాయన్న తూకంతో కొలవడమే పొరపాటు.

ఇంగ్లిషు పిల్లాడు ఫ్రెంచి తరగతిలో మొదటివారమే ఒక వింత ఎదుర్కొంటాడు. స్నేహితుడికి ‘త్యు’, టీచరుకి ‘వూ’. వాడి ఇంట్లో అమ్మకైనా, రాణికైనా ఒకే ‘యూ’. ఎవరికి ఏది అనాలో తేల్చుకోవడానికి ఎదుటి మనిషి వయసూ, చనువూ చూసుకోవాలి. అంటే వ్యాకరణం అనుకుని ఇంకో సమాజపు గుమ్మం తొక్కినట్టే. నువ్వు, మీరు మధ్య పెరిగిన మన పిల్లాడికి ఇదేమంత వింత కాదు. వాడి ఆశ్చర్యం వేరేచోట ఉంటుంది. ఇంగ్లిషులో పిన్ని, పెద్దమ్మ, అత్త అందరూ ఒక్క ‘ఆంటీ’లో ఎలా సర్దుకున్నారన్నది వాడి ప్రశ్న.

ఈ దారిని నమ్ముకుని 1997లో మిషెల్ కాండెలియే ఆధ్వర్యంలో ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీ, ఆస్ట్రియా, స్విట్జర్లండ్ ప్రాథమిక బడుల్లో ‘ఎవ్‌లాంగ్’ అనే పని మొదలైంది. ఒక భాష నేర్పడం కాదు, ఎన్నో భాషల్ని రుచి చూపించడం. తరగతిలో వలస కుటుంబాల పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషలకూ అందులో చోటుంది. పరాయి భాషలంటే, వాటి మనుషులంటే పిల్లల్లో ఆసక్తి పెరిగిందని ఫలితాలు చూపాయి. ఎక్కువ గంటలు దొరికినచోట తెలియని శబ్దాల్ని వేరుచేసే నేర్పూ కాస్త మెరుగైంది.

ఇలాంటి పాఠం మన బడిలోనూ పైసా ఖర్చు లేకుండా చెప్పొచ్చు. కోడి మనకు ‘కొక్కొరోకో’ అంటుంది, ఫ్రాన్సులో ‘కోకొరికో’, జపాన్‌లో ‘కొకెకొక్కో’, ఇంగ్లండులో ‘కాక్-ఎ-డూడుల్-డూ’. కూసింది ఒకటే కోడి. ఫ్రెంచిలో చంద్రుడు స్త్రీలింగం, సూర్యుడు పుంలింగం. జర్మన్‌లో తిరగబడి సూర్యుడు స్త్రీలింగం. మన దగ్గర చందమామ మేనమామ.

పక్కింటి మనవడికి తొమ్మిదేళ్లు. మొన్న వాడిని అరుగు మీద కూర్చోబెట్టి, నాలుక కొనను పైపళ్లకు ఆనించి వదలమన్నాను. మూడుసార్లు తుంపరలే పడ్డాయి. నాలుగోసారి ‘తాత’ అన్నాడు. వెంటనే నావైపు తిరిగి, చంద్రుడు మామయ్య అయితే ఆయన చెల్లెలు ఎవరని అడిగాడు.