కంచం వేరు చేస్తే పోతుందా?

మా తోటికోడలికి ఐదో నెలలో రక్తపరీక్ష చేస్తే హెపటైటిస్-బి ఉందని తేలింది. ఆ సాయంత్రానికే అత్తయ్యగారు తన కంచం, గ్లాసు వేరు పెట్టించేశారు. 'పుట్టింటి నుంచి తెచ్చుకుంది' అన్న మాట కూడా పడింది. పాపం, ఆ పిల్ల వంటింట్లోకి రావడమే మానేసింది.

ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోమంది డాక్టరమ్మ. తీరా చూస్తే మా మరిదికీ ఎప్పుడో ఈ వైరస్ సోకి, దానంతటదే పోయిన గుర్తులున్నాయి! అతనికి ఎక్కణ్ణుంచి వచ్చిందని మాత్రం ఎవరూ అడగలేదు.

మందూ మాకూ లేకుండా ఎలా పోయిందంటారా? అంతా ఒంట్లోని బలగం చలవే. రక్షణకణాలు ఇంటర్‌ఫెరాన్లనే ప్రొటీన్లను వదుల్తాయి. అవి కాలేయంలో వైరస్ తన నకళ్లు తీసుకోకుండా అడ్డుపడతాయి. వీటిని 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ కనుగొన్నారు. తర్వాత అదే ఇంజెక్షన్ మందుగానూ వచ్చింది.

కాలేయ కణంలోనే ఇంకో కాపలా ఉంది. పేరు ఎస్‌ఎంసి 5/6. మామూలుగా మన డి.ఎన్.ఏ.ను చక్కబెట్టే ప్రొటీన్ల జట్టు ఇది. వైరస్ తన డి.ఎన్.ఏ.ను ఉంగరంలా చుట్టి కణకేంద్రంలో దాచుకుంటే, దాన్ని పనిచెయ్యనివ్వదు. వైరస్ మాత్రం తక్కువ తిందా? తన 'ఎక్స్' ప్రొటీన్‌తో ఆ కాపలానే నాశనం చేయిస్తుంది. ఈ గుట్టు 2016లో బయటపడింది.

పెద్దయ్యాక సోకితే నూటికి 95 మందిలో ఒళ్లే గెలుస్తుంది. పుట్టినప్పుడు సోకితే మాత్రం 90 మంది దాకా పిల్లల్లో అది ఉండిపోతుంది. పసిఒంటికి శత్రువును ఎదిరించే నేర్పు ఇంకా రాదు కదా! మా తోటికోడలికి అలాగే వచ్చి ఉంటుందంది డాక్టరమ్మ. మరి తప్పు ఎవరిది?

కలిసి తింటే ఇది అంటదు. రక్తం వల్ల, కలయిక వల్ల, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు వస్తుంది. బ్లేడు, టూత్‌బ్రష్ వేరుగా ఉంటే చాలు. ఇంట్లో మిగతావాళ్లు టీకా వేయించుకోవాలి.

తోటికోడలు చివరి నెలల్లో వైరస్‌ను తగ్గించే మాత్రలు వాడింది. బాబు పుట్టిన 12 గంటల్లోపే టీకా, ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ వేశారు. మిగతా డోసులూ తప్పకుండా వేయించాం. నిశ్చింతగా పాలిచ్చింది. మొన్న ఏడాది నిండాక పరీక్ష చేస్తే బాబుకి వైరస్ లేదు.

ఆ రాత్రి అత్తయ్యగారు తన పక్కనే కోడలికి వడ్డించారు. ఆ వేరు కంచం అటకెక్కింది.

నెల తప్పగానే ఈ పరీక్ష అడిగి చేయించుకోండి. ఉందని తేలితే బిడ్డ టీకా సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోండి. ఇంట్లో ఏ కోడలి కంచమైనా వేరు చేసేముందు ఒక్కసారి ఆలోచించండి.