అగ్నివీర్‌ కావాలంటే ముందు ఒళ్లు సిద్ధం కావాలి: మైదానం నుంచి ట్రైనింగ్ సెంటర్ దాకా

ఇంటర్ అయిపోయిన పిల్లాడు "ఆర్మీకి పోతా" అంటే ఇంట్లో అమ్మీకి భయం, అబ్బాకి లెక్కలు. నాలుగేళ్ల ఉద్యోగం కోసం ఇంత కష్టమా? అకాడమీకి డబ్బు కట్టాలా? లోపల పిల్లల్ని ఏం చేస్తారు? ఈ ప్రశ్నలకు తెలిసినంత వరకు జవాబులు ఇవి.

ముందు పరీక్ష సంగతి

అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్ 14న ప్రకటించారు. 2023 నుంచి ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష, అది పాసైతేనే ర్యాలీ. ర్యాలీలో మొదటిది 1.6 కిలోమీటర్ల పరుగు. 5 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేస్తే పూర్తిగా 60 మార్కులు. ఆ తర్వాత 5:45 లోపు వస్తే 48.

దీన్ని మైదానం లెక్కలో చూద్దాం. 400 మీటర్ల ట్రాక్‌ మీద నాలుగు రౌండ్లు. అంటే ఒక్కో రౌండ్‌కు సుమారు 82 సెకన్లే. మొదటి రౌండ్ 70 సెకన్లలో ఉరికి మూడో రౌండ్‌లో కూలబడే పిల్లలే ఎక్కువ. నాలుగూ ఒకే వేగంతో పరుగెత్తడం నేర్చుకోవాలి.

తర్వాత పుల్‌అప్స్. పది తీస్తే 40 మార్కులు, ఆరు తీస్తే 16 మాత్రమే. అంటే నాలుగు పుల్‌అప్స్ తేడాకి 24 మార్కులు పోతాయి! పరుగులో 15 సెకన్ల ఆలస్యానికి పోయేది 12. అయినా మన పిల్లలు పరుగే ప్రాక్టీస్ చేస్తారు, చేతుల బలం వదిలేస్తారు. 9 అడుగుల గుంత దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్‌లకు మార్కులు లేవు గానీ పాస్ కావాల్సిందే.

సెంటర్‌ లోపల ఏముంటది?

ట్రైనింగ్ సెంటర్లు మనకు దూరమేం కాదు. హైదరాబాద్‌లో ఆర్టిలరీ సెంటర్, సికింద్రాబాద్‌లో ఈఎంఈ, ఏఓసీ సెంటర్లు ఉన్నాయి. ఆర్టిలరీ సెంటర్‌లో మొదటి అగ్నివీర్‌ల బ్యాచ్ 2023 జనవరిలో మొదలైంది. అక్కడ శిక్షణ 31 వారాలు: 10 వారాలు బేసిక్, 21 వారాలు అడ్వాన్స్‌డ్. అయితే ఎంపికైన పిల్లాడికి ఇంటి దగ్గరి సెంటరే వస్తుందని అనుకోవద్దు.

తెల్లవారక ముందే పీటీ, తర్వాత డ్రిల్, ఆయుధాల క్లాసులు, సాయంత్రం ఆటలు. తాడు ఎక్కడం, గోడ దూకడం, అడ్డంకుల కోర్సు అన్నీ అక్కడే. నేర్పేవాళ్లను జవాన్లు "ఉస్తాద్" అనే పిలుస్తారు. పీటీ నేర్పే వాళ్లను తయారు చేయడానికి పుణెలో ఆర్మీకి ప్రత్యేక సంస్థే ఉంది.

అక్కడ రెండు పరీక్షల పేర్లు గుర్తుపెట్టుకోండి. పీపీటీలో 2.4 కిలోమీటర్ల పరుగు, చిన్‌అప్స్, సిట్‌అప్స్ వంటివి ఉంటాయి. బీపీఈటీలో యుద్ధ సామగ్రి మోస్తూ 5 కిలోమీటర్లు పరుగెత్తాలి, తాడు ఎక్కాలి, గుంత దూకాలి. ఇవి చేరినప్పుడు ఒక్కసారి రాసి వదిలేసే పరీక్షలు కావు, సర్వీసులోనూ వెంట వస్తాయి.

దెబ్బ తగిలేది ఎక్కడ?

ఊపిరి, కండరాలు కొన్ని వారాల్లో అలవాటు పడతాయి. ఎముకలకు అంతకంటే ఎక్కువ టైం కావాలి. నెల రోజుల్లో ర్యాలీ ఉందని సిమెంట్ రోడ్డు మీద రోజూ పరుగెత్తితే ముందు కాలి ఎముక ముందువైపు నొప్పి, తర్వాత సన్నని చీలిక. నొప్పి మాత్ర వేసుకొని పరుగెత్తడం అసలు చేయొద్దు. ఒకే చోట నొప్పి ఆగకుండా ఉంటే డాక్టర్‌ దగ్గరికి పోవాలి. కనీసం మూడు, నాలుగు నెలల ముందు మట్టి నేల మీద మొదలుపెట్టాలి, వారానికి ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వాలి. రంజాన్‌లో ఎండలో ఉరకడం కాకుండా ఇఫ్తార్ తర్వాత తేలికగా చేసుకుంటే చాలు.

ఎత్తు కూడా ముందే కొలవండి. జనరల్ డ్యూటీకి మన రెండు రాష్ట్రాల వాళ్లకు 166 సెంటీమీటర్లు కావాలి. మోకాళ్లు తగలడం, చదును పాదాలు మెడికల్‌లో పట్టుబడతాయి. ఏడాది ఫీజు కట్టాక తెలిస్తే ఏం లాభం?

ఇంటి లెక్క

మొదటి ఏడాది నెలకు 30,000. అందులో 9,000 సేవానిధికి పోగా చేతికి 21,000. నాలుగేళ్ల తర్వాత వడ్డీతో కలిపి దాదాపు 11.71 లక్షలు. రెగ్యులర్ సర్వీసులోకి తీసుకునేది 25 శాతం వరకే. అంటే నలుగురిలో ముగ్గురు ఇంటికి తిరిగి రావొచ్చు. అందుకే చదువు ఆపొద్దు.

పరుగుకు స్కూల్ మైదానం, పుల్‌అప్స్‌కు ఒక ఇనుప కడ్డీ ఉంటే సరిపోతుంది. అకాడమీ తప్పనిసరి కాదు. "డబ్బిస్తే సెలెక్ట్ చేయిస్తా" అనేవాడు ఎవడైనా సరే, మోసగాడే. దరఖాస్తు ఆర్మీ అధికారిక వెబ్‌సైట్‌లో మాత్రమే చేయాలి, నోటిఫికేషన్‌లో మార్కులు, ఎత్తు, వయసు మీరే ఒకసారి చదివి చూసుకోండి.